కంటోన్మెంటు నేర్పిన సినిమా చూపు

బోయిన్‌పల్లి అనగానే జంటనగరాల వాళ్లకు ముందు గుర్తొచ్చేది కూరగాయల మార్కెట్టు. తెల్లవారకముందే దిగే లారీలు, హమాలీల కేకలు, టమాటా డబ్బాల బేరాలు. అక్కడి నుంచి తూర్పుగా కాస్త దూరం వెళితే హడావుడి తగ్గి మిలటరీ గోడలు, పాత చెట్లు మొదలవుతాయి. అది తిరుమలగిరి. రెండూ సికింద్రాబాదు కంటోన్మెంటులో ఇరుగుపొరుగు పేటలే. తెలుగునాట సినిమాను శ్రద్ధగా చూసి, చూసినదాన్ని గురించి నిలదీసి మాట్లాడే అలవాటుకు ఒక ముఖ్యమైన చిరునామా ఇక్కడే ఉంది. దర్శకుడు శ్యామ్ బెనెగల్ 1934 డిసెంబరు 14న పుట్టింది తిరుమలగిరిలో. సినిమా చూడటం నేర్చుకున్నదీ అక్కడే.

కొంకణి మాట్లాడే కుటుంబం వాళ్లది. తండ్రి శ్రీధర్ బెనెగల్ వృత్తిరీత్యా ఫొటోగ్రాఫర్. ఇంట్లో కెమెరా ఉంది, ఇంటికి దగ్గర్లోనే సైనికుల కోసం నడిచే గ్యారిసన్ టాకీసు ఉంది. ఆ హాలు ఆపరేటర్‌తో కుర్రవాడు స్నేహం చేసుకున్నాడు. ప్రొజెక్టర్ గదిలోంచి సినిమా చూడటమంటే మామూలు ప్రేక్షకుడు చూడనిది చూడటమే. రీలు ఎక్కడ మారుతుందో తెలుస్తుంది. ఒకే బొమ్మ రెండోసారి, మూడోసారి కళ్లబడుతుంది. మొదటిసారి కథ లాక్కెళుతుంది, రెండోసారి కథ తెలుసు గనక కెమెరా ఎక్కడుందో కనిపిస్తుంది. పన్నెండేళ్లకే తండ్రి కెమెరాతో ఆ కుర్రవాడు సొంతంగా ఒక చిన్న సినిమా తీశాడు. బంధువర్గంలో గురుదత్ అప్పటికే సినిమాల్లో ఉండటం ఆ ఆశకు మరింత బలమిచ్చింది.

కంటోన్మెంటు కావడం వల్ల ఈ ప్రాంతానికి మరో లాభం కలిగింది. నిజాం రాజ్యం మధ్యలో బ్రిటిషు సైన్యం మకాం వేసిన ఊరు సికింద్రాబాదు. 1806లో నిజాం సికిందర్ జా పేరు మీద ఏర్పడింది. సైనికులు, రైల్వే ఉద్యోగులు, ఆంగ్లో ఇండియన్లు, తమిళులు, పార్సీలు, మార్వాడీలు కలిసి బతికిన చోటు గనక ఇక్కడి హాళ్లలో ఒక్క భాషే రాజ్యమేలలేదు. ప్లాజా, టివోలి, డ్రీమ్‌ల్యాండ్ వంటి హాళ్లు ఇంగ్లీషు బొమ్మలకు పేరుపడ్డాయి. నిన్న ఒక హాలీవుడ్ బొమ్మ, నేడు ఒక హిందీ బొమ్మ, రేపు ఒక తెలుగు పౌరాణికం చూసే అవకాశం ఉన్న ప్రేక్షకుడికి పోల్చి చూడటం అబ్బుతుంది. విమర్శకు మొదటి మెట్టు ఆ పోలికే.

అంతకు ముందే హైదరాబాదుకు సినిమా మీద తీర్పు ఎంత బరువైనదో అనుభవమైంది. బెంగాలీ దర్శకుడు ధీరేన్ గంగూలీ 1922లో ఇక్కడ లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టి మూకీలు తీశాడు, హాళ్లు నడిపాడు. 1924లో బొంబాయిలో తయారైన ‘రజియా బేగం’ను ఆయన ప్రదర్శించాడు. ముస్లిం రాణికి హిందువుతో ప్రేమ ముడిపెట్టిన ఆ కథ నిజాంకు ఆగ్రహం తెప్పించింది. ఊరు విడిచి వెళ్లమని ఆజ్ఞ అయింది, కంపెనీ మూతపడింది. బొమ్మ నచ్చకపోతే తీసినవాణ్ణో చూపినవాణ్ణో వెళ్లగొట్టడం అధికారానికి తెలిసిన పద్ధతి. ఎందుకు నచ్చలేదో రాసి, ఒప్పించడానికి ప్రయత్నించడం విమర్శకుడి పద్ధతి. ఈ రెండో పద్ధతి వేళ్లూనడానికి మనకు చాలా కాలం పట్టింది.

తెలుగు సినిమా అప్పట్లో మద్రాసులో ఉండేది, దాని మీద రాసే పత్రికలూ ఎక్కువగా అక్కడే ఉండేవి. కొడవటిగంటి కుటుంబరావు కథలతో సమానమైన శ్రద్ధతో సినిమా మీద వ్యాసాలు రాశారు. అవి తర్వాత సంపుటంగానూ వచ్చాయి. సినిమాను కాలక్షేపంగా కొట్టిపారేయకుండా, సమాజం తన గురించి తాను చెప్పుకునే మాటగా పట్టించుకున్న తొలితరం రచయితల్లో ఆయన ముందు వరసలో ఉంటారు. ముళ్లపూడి వెంకటరమణ ఆంధ్రపత్రికలో రాసిన సమీక్షలకు నిర్మాతలు జంకేవారు. గిరీశం నోట సినిమా లెక్చర్లు పలికించి, మూస కథల గుట్టు రట్టు చేశారాయన. అలా తప్పులు పట్టిన కలమే 1962లో ‘రక్తసంబంధం’కు మాటలు రాసి, తర్వాత బాపుతో కలిసి ‘సాక్షి’ నుంచి కొత్త దారి పట్టింది. ఫిలిం జర్నలిజంలో ఏళ్ల తరబడి పనిచేసిన కె.ఎన్.టి. శాస్త్రి ‘తిలదానం’ తీసి తొలి చిత్ర దర్శకుడిగా జాతీయ పురస్కారం అందుకున్నారు. మంచి విమర్శకుడు సినిమాకు శత్రువన్న అపవాదుకు ఈ ఇద్దరి జీవితాలే జవాబు.

సినిమా పత్రికల సంగతి వేరు. 1966లో మొదలైన విజయచిత్ర, ఆ తర్వాతి సితార, జ్యోతిచిత్ర వంటివి లక్షల ఇళ్లకు సినిమా కబుర్లు చేర్చాయి. ఆనాటి షూటింగు విశేషాలు, ఫొటోలు ఈ రోజు చరిత్రకారులకు పెన్నిధి. కానీ నిర్మాతల ప్రకటనల మీద బతికే పత్రికలో ఆ నిర్మాత సినిమా బాగాలేదని కుండబద్దలు కొట్టడం కష్టం. స్వతంత్రంగా మాట్లాడటానికి మరో వేదిక కావలసి వచ్చింది. ఫిలిం సొసైటీలు ఆ లోటు తీర్చాయి.

1947లో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా మిత్రబృందం కలకత్తా ఫిలిం సొసైటీ పెట్టారు. 1952లో మన దేశంలో జరిగిన తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం ‘బైసికిల్ థీవ్స్’ వంటి బొమ్మలను ఇక్కడి కళ్లకు చూపించింది. ఉస్మానియాలో ఎకనామిక్స్ చదువుతున్న బెనెగల్ ఈత పోటీకి కలకత్తా వెళ్లినప్పుడు ‘పథేర్ పాంచాలి’ చూశాడు. తర్వాత చాలా ఏళ్లపాటు ఆ అనుభవం గురించి చెబుతూనే వచ్చాడు. ఉస్మానియా రోజుల్లోనే హైదరాబాద్ ఫిలిం సొసైటీని నెలకొల్పాడు. ఆ ఒరవడిని 1970ల నుంచి హైదరాబాద్ ఫిలిం క్లబ్ వంటివి కొనసాగించాయి.

సొసైటీ ప్రదర్శన అంటే పెద్ద ఆర్భాటం ఏమీ ఉండేది కాదు. రాయబార కార్యాలయాల నుంచో, పుణె ఫిలిం ఆర్కైవ్ నుంచో ప్రింటు తెప్పించేవారు. ఏదో ఒక హాలు అద్దెకు తీసుకునేవారు. సభ్యుల చందాలే ఆధారం. బొమ్మ అయిపోయాక అసలు పని మొదలయ్యేది. ఫలానా షాటు అంతసేపు ఎందుకు నిలిపాడు, ఆ పాత్ర ఎందుకు నోరు విప్పలేదు అని వాదనలు నడిచేవి. ఎంత వసూలు చేసిందన్న ప్రశ్నకు అక్కడ చోటే లేదు.

ఆ చూపు తెరకెక్కిన తొలి పెద్ద ఫలితం 1974 నాటి ‘అంకుర్’. హైదరాబాదు ప్రాంతంలో జరిగిన ఒక సంఘటన ఆధారంగా బెనెగల్ విద్యార్థి దశలోనే ఆ కథ అల్లుకున్నాడు. డబ్బు పెట్టేవాళ్లు దొరకడానికే పదేళ్లకు పైగా పట్టింది. చదువుకున్న యువ భూస్వామి సూర్య, పనిమనిషి లక్ష్మి, ఆమె మూగ భర్త కిష్టయ్య. కల్లు దొంగిలించాడని కిష్టయ్యను గాడిద మీద ఊరేగిస్తారు. చివర్లో అతను పని అడగడానికి వస్తుంటే, తనను కొట్టడానికే వస్తున్నాడని భయపడి సూర్య అతన్ని చితకబాదుతాడు. తప్పు చేసినవాడి భయమే దౌర్జన్యంగా ఎలా మారుతుందో ఆ ఒక్క సన్నివేశం చెప్పేస్తుంది. ఆఖరున ఒక పిల్లవాడు భూస్వామి కిటికీ మీదకు రాయి విసిరి పరుగెడతాడు. తెర ఎర్రబడుతుంది. షబానా ఆజ్మీ, సాధు మెహర్ ఇద్దరికీ జాతీయ పురస్కారాలు వచ్చాయి. ఎవరి బొమ్మ చూసి బెనెగల్ సినిమా కల కన్నాడో ఆ సత్యజిత్ రాయే నాటి కొత్త సినిమాలను సమీక్షిస్తూ ‘అంకుర్’ గురించి రాశారు. ఆ వ్యాసం 1976లో వచ్చిన ఆయన పుస్తకంలో చేరింది.

‘అంకుర్’ గొప్ప సినిమా. అయినా దానికీ ఒక లోటుంది. తెలంగాణ పల్లె కూలీలు అందులో దక్కనీ హిందీలో మాట్లాడతారు. నగరానికి, బొంబాయి పెట్టుబడికి అది సబబే కావచ్చు గానీ, ఆ పొలంగట్టు మీద పలికే తెలుగు మాత్రం తెర మీద వినిపించలేదు. వాణిశ్రీ, అనంత్‌నాగ్, స్మితా పాటిల్‌లతో 1978లో ‘అనుగ్రహం’ తీసి బెనెగల్ తెలుగులోకీ వచ్చాడు. కానీ తెలంగాణ రైతు సొంత గొంతు విప్పింది ‘మాభూమి’లో. నిర్మాత బి. నర్సింగరావు, దర్శకుడు గౌతమ్ ఘోష్. కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా తీసిన ఈ చిత్రం 1980లో జనం ముందుకు వచ్చింది. బెంగాలీ దర్శకుడికి అది తొలి కథాచిత్రం. నర్సింగరావు 1988లో స్వయంగా తీసిన ‘దాసి’ ఇంకా లోపలికి వెళ్లింది. గడీలో పనిచేసే ఆడమనిషి జీవితాన్ని అర్చన దాదాపు మాటల్లేకుండా నటించింది. చిత్రకారుడు తోట వైకుంఠం కళాదర్శకత్వానికి జాతీయ పురస్కారం అందుకున్నారు. ‘అంకుర్’లో రాయి చప్పుడు వినిపిస్తుంది, ‘దాసి’లో ఆ చప్పుడు కూడా లేదు. బాధను చూపడంలో ‘దాసి’ది మరింత కఠినమైన నిజాయితీ.

1999లో హైదరాబాదు నుంచి ఐడిల్‌బ్రెయిన్ వంటి వెబ్ పత్రికలు మొదలయ్యాక సమీక్ష తీరు మారిపోయింది. అయిదుకు ఎన్ని మార్కులన్నది ముందుకు, ఎందుకన్నది వెనక్కు జరిగాయి. 2003లో ప్రసాద్స్ ఐమాక్స్ వచ్చాక మార్నింగ్ షో వదలగానే మైకులు పట్టుకుని పబ్లిక్ టాక్ అడగటం ఆనవాయితీ అయింది. ఫస్ట్ హాఫ్ సూపర్, సెకండాఫ్ ల్యాగ్ అన్న రెండు ముక్కల్లో మూడేళ్ల శ్రమ తేలిపోతుంది. సామాన్య ప్రేక్షకుడికి గొంతు దొరకడం మంచిదే. ఆ గొంతుకు ఆలోచించే వ్యవధి లేకపోవడమే చిక్కు. ‘శంకరాభరణం’ 1980 ఫిబ్రవరిలో విడుదలైనప్పుడు మొదట్లో హాళ్లు పలచగానే ఉన్నాయి. చూసినవాళ్లు మరొకరికి చెప్పగా చెప్పగా జనం కదిలారు. ఈనాటి తొలిరోజు తీర్పుకు ఆ సినిమా నిలిచేదా అన్నది ఆలోచించాల్సిన విషయం.

పాతదాన్ని చూసిన కంటితోనే కొత్తదాన్నీ చూడాలి. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరి నోరు మూశారు, కెమెరా ఎవరి పక్షాన నిలబడింది అన్న సొసైటీ కాలపు ప్రశ్నలు ఇప్పటికీ పనికొస్తాయి. 2017 నాటి ‘అర్జున్ రెడ్డి’నే తీసుకుందాం. ముద్దు పోస్టరును ఒక సీనియర్ రాజకీయ నాయకుడు బస్సు మీద నుంచి చించేయడంతో వివాదం అక్కడే తిరిగింది. అసలు ప్రశ్న ముద్దు గురించి కాదు. కథానాయిక ప్రీతిని ఆమె ఇష్టం అడగకుండానే హీరో తనదాన్ని చేసుకుంటాడు, కెమెరా కూడా ఆమెను అడగదు. నటన, శబ్దం, కథనంలోని ధైర్యం ఎంత మెచ్చదగినవో ఈ లోపం అంత పెద్దది. రెండూ కలిపి చెబితేనే విమర్శ.

‘ఆర్ఆర్ఆర్’ది మరో లెక్క. చరిత్రలో కలవని అల్లూరిని, కొమురం భీమ్‌ను కలపడం కల్పనకు ఉన్న హక్కే. నృత్యం, పోరాటం, జంతువుల దాడి తెర మీద పరచిన తీరు ఏ దేశం సినిమాకూ తీసిపోదు. కానీ జల్ జంగల్ జమీన్ నినాదంతో గోండులను నడిపిన నాయకుడు చివర్లో రాజు దగ్గర చదువు అడుక్కునేవాడిగా మిగలడం ‘మాభూమి’ చూసిన ప్రేక్షకుడికి మింగుడుపడదు.

దీనికి భిన్నంగా 2023 నాటి ‘బలగం’ ఆ వారసత్వాన్ని మరో రకంగా అందుకుంది. తాత చనిపోయాడు, పిండం కాకి ముట్టడం లేదు, నల్లిబొక్క దగ్గర మొదలైన పంతం ఇరవై ఏళ్లయినా తీరలేదు. పల్లెల్లో ఆరుబయట తెర కట్టుకుని ఊరంతా కలిసి చూశారు. సిరిసిల్ల మాట తీరు, చావింటి మర్యాదలు, అలకలు అచ్చంగా ఉన్నాయి. చివరి బుడగ జంగాల పాట కన్నీళ్లతో కథలోని చిక్కుముళ్లను మరీ తేలిగ్గా విప్పేసిందన్న మాటా చెప్పాలి. ఎనభై మందికి పైగా స్థానికులు నటించిన ‘కేరాఫ్ కంచరపాలెం’ ఇలాంటి ముగింపును ఇంకా నేర్పుగా సాధించింది.

ఇదంతా కాగితం మీద నిలవాల్సిన అవసరం ఒకటుంది. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ప్రింటు ఇప్పుడు లేదు. అది 1931 సెప్టెంబరులో వచ్చిందని దశాబ్దాలుగా నమ్మాం. విమర్శకుడు రెంటాల జయదేవ పాత పత్రికలు, సెన్సారు వివరాలు తవ్వి తీసి, 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైందని నిరూపించారు. సినిమా పోయినా పత్రికలో పడ్డ నాలుగు ముక్కలు మిగిలాయి గనకే అది సాధ్యమైంది. బెనెగల్ 2024 డిసెంబరు 23న కన్నుమూశారు. సొసైటీల కరపత్రాలు, చర్చల నోట్సు, విజయచిత్ర పాత సంచికలు ఇంకా జంటనగరాల్లో చాలామంది ఇళ్ల అటకల మీద ఉన్నాయి. పాత పేపర్లవాడికి తూకానికి వేసే ముందు వాటిని ఏదైనా గ్రంథాలయానికి ఇవ్వండి. వీలుంటే ఒక సాయంత్రం ‘అంకుర్’, మర్నాడు ‘బలగం’ చూసి, ఏమనిపించిందో రేటింగు లేకుండా ఒక పేజీ రాయండి.