మరమ్మతని మొదలైన రాజభవనము

యవనుల మహానగరములలో నొకటియైన ఎఫెససునందు పూర్వము ప్రభుత్వకట్టడములను నిర్మించు స్థపతులను గూర్చి కఠినమైన శాసన మొకటి యుండెనని, క్రీస్తుపూర్వము మొదటి శతాబ్దమున రోములో గ్రంథరచన చేసిన విట్రూవియసు తన వాస్తుగ్రంథము పదవ భాగమునకు వ్రాసిన పీఠికలో తెలిపియున్నాడు. ఆ శాసనము ననుసరించి స్థపతి పని చేపట్టుటకు ముందే వ్యయ మెంతయగునో చెప్పవలెను. చెప్పిన లెక్కను అధికారికి ఒప్పగించి, పని ముగియువఱకు తన ఆస్తిని కుదువపెట్టవలెను. వ్యయము చెప్పినంతకే సరిపోయినచో నతనికి గౌరవములు లభించును. నాలుగవవంతునకు మించకుండ నెక్కువైనచో నా యెక్కువను ప్రజల ఖజానాయే భరించును. అంతకును మించిపోయినచో మిగిలిన సొమ్మును స్థపతి యాస్తినుండియే రాబట్టుదురు.

ఇట్టి శాసనము రోమునందును, ప్రభుత్వపు పనులకే గాక సొంతయిండ్లకును వర్తించునట్లు ఉండిన నెంత బాగుండెడిదని విట్రూవియసు వాపోయెను. నాలుగు వందలు కూడబెట్టుకొని పని మొదలిడినవాడు మఱియొక నూరు కావలసివచ్చినను, ఇల్లు పూర్తియగునను ఆశతో సంతోషముగనే తెచ్చి యిచ్చుననియు, సగమో అంతకు మించియో పైబడినచో ధైర్యము చెడి, ఉన్న ధనమును పోగొట్టుకొని, పనిని నడుమనే విడుచుననియు ఆయన యభిప్రాయము. ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అను సామెత వినుచు పెరిగిన మనకు ఈ రెండువేల యేండ్లనాటి మాట పరాయిదిగా తోచదు.

ఆ శాసనమున నన్ను మిక్కిలి ఆకర్షించునది, లెక్క తప్పినచో నష్టమెవరిదో పలుగు పట్టకమునుపే తేల్చివేసిన దూరదృష్టి. క్రొత్తయింటి విషయమున అంచనా కొంతవఱకు సులభసాధ్యము: పటము చూచి, గోడల నిడివిని కొలిచి, ఇటుకల నెంచి, కలప ధర కట్టి, కూలి కలిపి చెప్పవచ్చును. పాతయింటిని మార్చికట్టుట అట్లు కాదు. పూత గీకినగాని గోడలోని చెమ్మ కనబడదు. పైకప్పు విప్పినగాని దూలమును చెద ఎంతవఱకు తిన్నదో తెలియదు. ఒక గుమ్మమును వెడల్పు చేయబోగా దానిపైనున్న గోడ దిగివచ్చుట మన మేస్త్రీలకు అనుభవమే. ఈ తెలియని భాగమునకు ముందుగనే కొంత సొమ్ము తీసియుంచనివాని అంచనా, ఎంత శ్రద్ధతో వ్రాసినను అసంపూర్ణమే యగును. దానికి తోడు యజమాని కోరికయు పని నడుచుచుండగనే పెరుగుచు పోయినచో నేమగునో తెలుపుటకు లండను నగరములోని బకింగ్‌హాం భవనచరిత్రను మించిన నిదర్శనము నాకు కనబడలేదు.

1703లో బకింగ్‌హాం ప్రభువు కట్టించుకొన్న ఆ యింటిని 1761లో మూడవ జార్జిరాజు తన భార్యయగు షార్లెటురాణి నివాసమునకై 20,000 పౌనులకు పైగా వెచ్చించి కొనెను. సెయింటు జేమ్సు ప్రాసాదమునకు దగ్గఱలో, దర్బారు సందడికి దూరముగ, పిల్లలతో కాపురముండుటకు తగిన యిల్లు కావలెనన్నదే ఆయన యుద్దేశము. మఱుసటి యేటనే విలియం చేంబర్సు అను స్థపతి చేతిమీదుగ మార్పు లారంభమయ్యెను. ముగియునప్పటికి 73,000 పౌనులు వ్యయమయ్యెను. కొన్న వెలకంటె బాగుచేయించిన వెల రెండింతలకు పైబడినదన్నమాట. అయినను ఆ సొమ్మునకు తగిన ఫలము దక్కినదనియే చెప్పవలెను. ఆ దంపతుల 15 మంది సంతానములో 14 మంది ఆ యింటనే జన్మించిరి.

1820లో సింహాసనమెక్కిన నాలుగవ జార్జి తండ్రివంటివాడు కాడు. యువరాజుగా నున్నప్పుడే కార్ల్‌టను గృహమును అలంకరించుటలో అపారధనమును కుమ్మరించి, అప్పులపాలై, ఆ యప్పులను పార్లమెంటుచేతనే తీర్పించుకొన్నవాడు. తండ్రి విడిచిన యింటిని నగరములో విడిదిగా నుంచుకొందమని ఆయన మొదట తలచెను. 1825లో మరమ్మతు, అభివృద్ధి అను పేర పని మొదలైనది. 1826 చివరకు రాజు మనస్సు మాఱి, విడిదియే రాజప్రాసాదము కావలెనని సంకల్పించెను. ఆయన స్థపతి జాన్ నాషు అప్పటికే డెబ్బదియేండ్లు దాటినవాడు. లండనులో రీజెంటువీధిని తీర్చినవాడు. బ్రైటనులోని రాజవిహారభవనమునకు గుమ్మటము లెత్తించినవాడు. ప్రభువు అభిరుచి యెఱిగి మెలగుటలో నేర్పరి.

పార్లమెంటు 1,50,000 పౌనులకు సమ్మతించెను. రాజు 4,50,000 కావలెనని పట్టుబట్టెను. ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో ఆ తరువాతి అనర్థమునకు మూలము బోధపడును. మొదటిది ఇచ్చువారి మనస్సున కొప్పిన సొమ్ము. రెండవది పనికి కావలసిన సొమ్మునకు సమీపమైనది. ఎంత యియ్యగలమను ప్రశ్నకు వచ్చిన సమాధానమును, ఎంతయగునను ప్రశ్నకు సమాధానముగా వ్రాసికొనుట పార్లమెంటులకు మాత్రమే పరిమితమైన పొరపాటు గాదు. పెంకుటింటిని డాబాగా మార్చదలచిన గృహస్థుడు పెట్టెలోనున్న సొమ్మునే అంచనాగా చెప్పుట మన యూళ్లలోను చూచుచున్నాము. దుబారాకు పేరుపడిన ఆ రాజే ఈ విషయమున సత్యమునకు చేరువగా మాటాడెనని యంగీకరింపక తప్పదు.

నాషు పాతయింటి నడిమిభాగమును నిలిపియుంచి, పడమట తోటవైపున క్రొత్తగదుల వరుసను చేర్చి, దానిని రెండింతలు చేసెను. వెలుపల బాతునగర ప్రాంతపు లేతపసుపు రాతిని తాపించెను. ఉత్తర దక్షిణములనున్న పక్షభాగములను పడగొట్టి పెద్దవిగా కట్టించెను; ముంగిటికి ద్వారముగా, ట్రఫాల్గరు, వాటర్లూ విజయములకు స్మారకమైన పాలరాతి తోరణమును నిలిపెను. క్రొత్తగా లేచిన పక్షభాగములు కంటికి ఇంపుగా లేవని తోచగా వానిని మరల విప్పి కట్టుటకు మఱికొంత ధనము వెచ్చింపవలసివచ్చెను. అదే కాలమున కార్ల్‌టను గృహమును పడగొట్టి, అందలి నిప్పుగూళ్లు, తలుపులు, నేలచెక్కలు మొదలగువానిని ఇచ్చటికి తెచ్చి యమర్చిరి. పాతసామగ్రిని వాడినచో ఖర్చు తగ్గునన్న నమ్మకము మన యిండ్లయందును బలమైనదే. కాని పాతతలుపునకు సరిపడునట్లు క్రొత్తగోడను కట్టవలసివచ్చినప్పుడు, కలపమీద మిగిలినది తాపీకూలిలో పోవునని లెక్కించువారు అరుదు.

1828 చివరకు ఖర్చు 4,96,169 పౌనులకు చేరెను. ఇచ్చట ఎఫెససు శాసనమును వర్తింపజేసి చూడుడు. రాజు చెప్పిన 4,50,000 అంచనాయైనచో, నాలుగవవంతు కలిపిన 5,62,500 వఱకు ఖజానా భరింపవలెను గనుక, నాషునకు అప్పటికి ఒక్క పౌనైనను నష్టము రాదు. పార్లమెంటు ఒప్పిన 1,50,000 అంచనాయైనచో హద్దు 1,87,500. ఆపైనున్న మూడులక్షల పైచిలుకు పౌనులకు ఆ వృద్ధుడు తన యాస్తినంతయు ఒప్పగింపవలసినదే. పని అదే, రాళ్లు అవే. మొదట వ్రాసిన అంకెను బట్టి మనుష్యుడు సమర్థుడో అపరాధియో యగుచున్నాడు. అయితే భవనము అప్పటికిని పూర్తికాలేదు గనుక, రాజు చెప్పిన అంకెయు తుదివఱకు నిలిచెడిది కాదని చేర్చుట న్యాయము.

1830లో రాజు మరణింపగనే ప్రధానమంత్రి వెల్లింగ్టను ప్రభువు నాషును అధికవ్యయ కారణమున తొలగించెను. మార్చుమని కోరినవాడు తాను కట్టించిన ప్రాసాదమున ఒక్కనాడును కాపురముండకయే పోయెను. ధనమిచ్చినవారు విమర్శకులుగా మిగిలిరి. పని చేసినవాడు శిక్ష యనుభవించెను. నాషు నిర్దోషియని నేననను. ప్రభువు క్రొత్తకోరిక చెప్పినప్పుడెల్ల దానికెంతయగునో చెప్పి, సమ్మతి వ్రాయించుకొని, ఆ పిమ్మటనే గోడమీద చేయివేయుట స్థపతి ధర్మము. ప్రభువునకు కాదనలేనివాడు ఖజానాకు మేలు చేయలేడు. అయినను లోపమంతయు అతనిదే యనుట నా మనస్సున కొప్పదు.

మిగిలిన పనిని, చెప్పిన లెక్కలో ముగించునని పేరున్న ఎడ్వర్డు బ్లోరునకు అప్పగించిరి. నాలుగవ జార్జి తరువాత రాజైన నాలుగవ విలియం ఆ భవనమున నివసింపనేలేదు. 1834లో పార్లమెంటు భవనములు కాలిపోయినప్పుడు దీనిని వారికే యిచ్చివేయజూచెను, వారు వలదనిరి. 1837లో విక్టోరియారాణి ప్రవేశించిన పిదప గాని అసలు లోపములు బయటపడలేదు. పొగగొట్టములు గదులలోనికే పొగ చిమ్ముచుండెను. గాలి వచ్చు మార్గములు చాలవు. అయిదు లక్షల పౌనులను మ్రింగిన యింట, రాణికి వివాహమై బిడ్డలు కలిగినప్పుడు వారిని పెంచుటకు తగిన గదులైనను లేవు. ఇంట నెవరుందురు, ఎందఱుందురు, ఎట్లు మెలగుదురు అను ప్రశ్నలు అంచనా కాగితమున మొదటి పంక్తిగా నుండవలసినవి. ఇచ్చట వానికి తావే దొరకలేదు.

1845లో రాణి ప్రధానమంత్రి పీలునకు ఈ యిబ్బందులను తెలుపుచు లేఖ వ్రాసెను. తూర్పుదిక్కున నాలుగవ భాగమును చేర్చుటకు బ్లోరు పటము వ్రాసెను. సమస్త వృత్తులవారిని ఒక్కచోట తన జీతముమీద నుంచుకొని పని నడుపుటలో ప్రసిద్ధుడైన థామసు క్యూబిట్టు దానిని కట్టెను. పాలరాతి తోరణమును విప్పి హైడుపార్కు మూలకు తరలించిరి. ఈ పర్యాయము సొమ్ము సంపాదించిన విధము వేఱు: బ్రైటనులోని విహారభవనమును 1850లో ఆ పట్టణమువారికే 53,000 పౌనులకు అమ్మి, అందలి అలంకారసామగ్రిలో కొంత క్రొత్తభాగమున అమర్చి, వచ్చిన ధనమును ఈ వ్యయమునకు వినియోగించిరి. ఒక యిల్లు కావలెనన్న మఱియొక యిల్లు వదలుకొనవలెనని తలచిన ఆ యజమానురాలి నిర్ణయమును నేను మనసార మెచ్చుకొందును. రాతి విషయమున మాత్రము దూరాలోచన చాలలేదు. ఫ్రాన్సుదేశపు మెత్తని కాన్ రాయి లండను పొగకు తట్టుకొనలేక పొరలూడగా, 1913లో ముఖభాగమునంతటిని పోర్ట్‌లండు రాతితో మరల కప్పవలసివచ్చెను.

2017లో ఆ భవనమున ఆరంభమైన పనికి పదియేండ్ల గడువును, 36 కోట్ల 90 లక్షల పౌనుల అంచనాయును ముందే ప్రకటించిరి. మార్చదలచినవి 1950 ప్రాంతమునుండి గోడల చాటున నున్న విద్యుత్తీగలు, నీటిగొట్టములు, వేడినీటి బాయిలర్లు. చూచువారి కంటికి ఆనునవి కావు. ఆ ధనమునకై రాజభూముల లాభములో రాజకార్యములకు చెల్లించు వంతును 15 శాతమునుండి 25 శాతమునకు కొంతకాలము పెంచుటకు పార్లమెంటు సమ్మతినొంది, నివాసులను పూర్తిగా తరలింపకయే, ఒక్కొక్క భాగమును ఖాళీచేయుచు పని సాగించునట్లు ఏర్పాటు చేసికొనిరి.