కంప్యూటరు తెరపై గాజు పలకలు

కంప్యూటరు లోపల జరుగు లెక్కలు కంటికి కనబడవు. కనబడునది తెర ఒక్కటే. యంత్రము పనులన్నిటిని నడుపు మూల ప్రోగ్రామునకు ఆపరేటింగ్ సిస్టమ్ అని పేరు. క్రొత్త ఆపరేటింగ్ సిస్టమ్ రాబోవుచున్నదని తెలిసినప్పుడెల్ల జనులు మొదట అడుగు ప్రశ్న, దాని రూపమెట్లుండును అని. ఇది పైపై అలంకారమును గురించిన ప్రశ్నవలె తోచవచ్చును. కాని తెర రూపము మారినప్పుడు కోట్లాది జనుల కండ్లకు, చేతులకు అలవడిన విద్య కూడ మారవలసి వచ్చును. ఈ సంగతిని తెరపై గాజు కథ చక్కగా తెలుపును.

1973లో అమెరికాలోని పాలో ఆల్టోలో, జెరాక్స్ సంస్థ పరిశోధనాలయమున "ఆల్టో" అను కంప్యూటరు తయారైనది. దాని తెరపై ప్రతి చుక్కను విడివిడిగా వెలిగింపవచ్చును. ఇట్టి చుక్కయే పిక్సెల్. 1981లో అదే సంస్థ వెలువరించిన "స్టార్" యంత్రము తెరను ఆఫీసు బల్లగా భావించి, కాగితములను, ఫైళ్లను చిన్న బొమ్మలుగా చూపెను. 1984లో యాపిల్ సంస్థ మెకింటాష్‌ను విడుదల చేసినది. దాని తెరపై అడ్డముగా 512, నిలువుగా 342 చుక్కలు మాత్రమే ఉండెను; రంగులు నలుపు, తెలుపు. సూసాన్ కేర్ అను చిత్రకారిణి గళ్ల కాగితముపై గడులు నింపుచు దానికి బొమ్మలు రూపొందించెను. ఒక్కొక్క బొమ్మకు 32 వరుసలు, వరుసకు 32 గడులు. ఇంత కొద్ది సామగ్రితో గాజును చూపుట అసాధ్యము.

1995 ఆగస్టులో వచ్చిన మైక్రోసాఫ్ట్ వారి విండోస్ 95లో బూడిద రంగు మీటలు తెరనుండి పైకి ఉబ్బినట్లు కనబడెను. ఇది కంటి స్వభావము నాధారముగా చేసికొన్న యుక్తి. వెలుతురు పైనుండి పడునని మన కన్ను తలంచును. అందుచేత పై అంచు తెల్లగను, క్రింది అంచు నల్లగను ఉన్న చదరము ఉబ్బినట్లు తోచును; రంగులు తారుమారైనచో లోనికి నొక్కినట్లు తోచును.

2000 జనవరిలో యాపిల్ "ఆక్వా" అను రూపమును ప్రకటించెను. నీటి బిందువులవంటి మీటలు, వెనుకనున్నవి కొంచెము కనబడు పట్టికలు దీని విశేషములు. పారదర్శకత తెరపై ఎట్లు సాధ్యమగును? నలుపునకు 0, తెలుపునకు 255 అని లెక్కింతురు. సగము పారదర్శకమైన నల్లని పలక తెల్లని పుటపై నిలిచినచో, కంప్యూటరు రెండు సంఖ్యల సగటు తీసి సుమారు 128 విలువగల బూడిద రంగును చూపును. అదే పలక 40 విలువగల చీకటి బొమ్మపై నిలిచినచో ఆ రంగు 20 అగును. తెరలోని లక్షలాది చుక్కలకు ఈ లెక్క ఎడతెగక జరుగవలెను.

2007 జనవరి 30న సామాన్యులకు విడుదలైన విండోస్ విస్టాలో విండోల అంచులు మసక గాజువలె ఉండెను. మసకకై ప్రతి చుక్కను ఇరుగుపొరుగు చుక్కలతో కలిపి సగటు కట్టవలెను. ఈ భారమును బొమ్మల లెక్కలకే ప్రత్యేకించిన ప్రాసెసర్ మోసెను. తగిన ప్రాసెసర్ లేని యంత్రములలో గాజు కనబడక, సాదా రూపమే దక్కెను.

2012 అక్టోబరులో వచ్చిన విండోస్ 8 ఈ గాజును తొలగించి, వ్రేలితో తాకుటకు అనువైన చదునైన రంగు పలకలను ఉంచెను. అంతేకాక 1995 నుండి తెర మూలనున్న "స్టార్ట్" మీటను కూడ తీసివేసెను. అలవాటు తప్పిన జనులు ఆక్షేపించిరి. మరుసటి సంవత్సరము అక్టోబరులో, విండోస్ 8.1తో ఆ మీట తిరిగి వచ్చెను.

గాజు కథ అంతటితో ముగియలేదు. 2025 జూన్ 9న యాపిల్ "లిక్విడ్ గ్లాస్" అను క్రొత్త రూపమును ప్రకటించెను. ఇందులో అంచులవద్ద వెనుకనున్న బొమ్మ, కటకము గుండా చూచినట్లు వంగి కనబడును. ప్రయోగదశలోనే అక్షరములు స్పష్టముగా లేవని పలువురు చెప్పిరి. సంస్థ పారదర్శకతను సవరించుచు వచ్చెను. సెప్టెంబరు 15న ఈ రూపముతో మాక్ ఓఎస్ టాహో విడుదలయ్యెను. నవంబరులో వచ్చిన 26.1 సంచికలో, గాజును మరికొంత దట్టముగా చేసికొను వీలు వినియోగదారులకు లభించెను.

అక్షర స్పష్టతను కొలుచుటకు కొలమానము కలదు. అక్షరమునకు, దాని వెనుక రంగునకు గల కాంతి నిష్పత్తి సాధారణ వ్రాతకు కనీసము 4.5 ఉండవలెనని వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 2008లో సూచించెను. తెలుపుపై నలుపునకు ఇది 21. పైన చెప్పిన పలకపై తెల్లని అక్షరములు వ్రాసినచో, చీకటి బొమ్మపై నిష్పత్తి సుమారు 18. తెల్లని పుటపై సుమారు 3.9 మాత్రమే. పలక మారలేదు, అక్షరము మారలేదు. వెనుకనున్నది మారుటచేతనే చదువు కష్టమైనది. చూపు మందగించిన వృద్ధులకు ఈ భేదము మరింత బాధాకరము.

తెలుగు చదువరులకు ఇది మరియు ముఖ్యము. 2001లో విండోస్ ఎక్స్‌పీ "గౌతమి" అను ఫాంటుతో తెలుగును తెరపైకి తెచ్చెను. మన లిపిలో చిన్న గుర్తులే అర్థమును నిర్ణయించును. వత్తు కనబడనిచో "కల్ల" కాస్త "కల" యగును. గుడి దీర్ఘము గుడివలె తోచినచో "వీడు" కాస్త "విడు" అగును.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక చిన్న ప్రయోగము చేయింపవచ్చును. నూనె కాగితముపై పెన్సిలుతో ఈ నాలుగు మాటలు వ్రాసి, మొదట తెల్ల కాగితముపైనను, పిదప రంగుల బొమ్మపైనను ఉంచి, గది చివరనుండి చదివింపవలెను. యంత్రము శక్తి పెరిగిన కొలది తెరకు క్రొత్త సొగసులు వచ్చుచునే యుండును. గాజు ఎంత అందముగా నున్నను, దానిపై వ్రాత చదువ వీలగునా అనునదే దానికి తగిన పరీక్ష.