ఊరు తెలిసిన ధూళి

2003 ఏప్రిల్. కాలిఫోర్నియాలోని ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరం నుంచి నాసా ఈఆర్-2 విమానం లేచింది. వ్యోమగామిలా సూటు తొడుక్కున్న పైలట్ ఒక్కరే లోపల. మబ్బులన్నీ అడుగున ఉండిపోయాయి. దాదాపు ఇరవై కిలోమీటర్ల ఎత్తులో, సిలికాన్ నూనె పూసిన చిన్న పలకలు గాలికి ఎదురు నిలిచాయి. అగ్నిపర్వతాల బూడిద, రాకెట్లు వదిలిన అల్యూమినియం ఆక్సైడ్ పొడి... వాటి మధ్య ఎక్కడో అంతరిక్షపు రేణువు!

1970లలోనే శాస్త్రవేత్త డొనాల్డ్ బ్రౌన్‌లీ యూ-2 విమానాలతో ఇలాంటి రేణువులు పట్టి, అవి భూమివి కావని తేల్చారు. అయితే ఏది ఏ తోకచుక్కదో చెప్పడం ఎవరి తరమూ కాలేదు. ఊరూ పేరూ లేని ధూళి అది.

ఈసారి ఊరు ముందే తెలుసు. 26పీ/గ్రిగ్-స్కెల్లెరప్ తోకచుక్క వదిలిన ధూళి ఏప్రిల్‌లో మన వాతావరణంలోకి దిగుతుందని నాసా శాస్త్రవేత్త స్కాట్ మెసెంజర్ లెక్కగట్టి చెప్పారు. మిగతా తోకచుక్కల ధూళితో పోలిస్తే ఇది నెమ్మదిగా వస్తుంది, కనుక అంతగా మాడదు. ఆ ధూళిలో తర్వాత దొరికిన కొత్త ఖనిజం కన్నా ఈ లెక్కే గొప్పదంటాను నేను. ఎక్కడ, ఎప్పుడు వల వేయాలో చెప్పింది అదే కదా.

పలకలు హ్యూస్టన్‌లోని జాన్సన్ స్పేస్ సెంటర్‌కు చేరాయి. అక్కడ సూక్ష్మదర్శినిలో చూస్తూ, సన్నని గాజు సూదితో ఒక్కో రేణువునూ నూనెలోంచి పైకి తీయాలి. వెంట్రుక మందంలో ఐదో వంతు కూడా ఉండదది. చెయ్యి వణికితే పోయినట్టే. హెక్సేన్‌తో నూనె కడిగి, వజ్రపు కత్తితో పొరలుగా కోయాలి.

2005లో అక్కడికి కొత్త ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ వచ్చింది. ఒక రేణువులో కీకో నకమురా-మెసెంజర్ బృందానికి మైక్రాన్ కూడా లేని స్ఫటికాలు కనిపించాయి. మాంగనీసు, సిలికాన్ కలిసిన ఖనిజం. ప్రకృతిలో దాన్ని అంతవరకూ ఎవరూ చూడలేదు, తోకచుక్కలో ఉంటుందని ఊహించనూ లేదు.

పలకకు చిక్కినదంతా ఆ తోకచుక్కదే అని ఒట్టేసి చెప్పలేం. అక్కడి నుంచే వచ్చి ఉంటుందన్నది మాత్రం బలమైన అంచనా. 2008లో ఆ ఖనిజాన్ని లోకానికి ప్రకటించారు. పేరు బ్రౌన్‌లీఐట్.