తెరచాపనుండి మరబోటు దాక: మొరాయించు యంత్రమును గూర్చిన విచారము

వృత్తివిద్య రెండు విధములుగా నశించును. వృత్తియే పోయినప్పుడు విద్యయు పోవుట యొకటి. వృత్తి నిలిచియుండగనే, దానికి సాధనమైన వస్తువును గూర్చిన జ్ఞానము పరుల చేతికి పోవుట రెండవది. మొదటి నష్టము కంటికి కనబడును గనుక అందరును దుఃఖింతురు. రెండవది మెల్లమెల్లగా జరుగును గనుక ఎవ్వరును గమనింపరు. వాడబలిజ, జాలరి, పల్లికారు, అగ్నికులక్షత్రియాది నామములతో సముద్రము నాశ్రయించి జీవించు మనకు యంత్రము వచ్చిన పిదప ఈ రెండవ నష్టమే కలిగినదని మా యభిప్రాయము. అది యెట్లు కలిగెనో, దానికి ప్రతిక్రియ యేమో ఈ సభా సంచికలో కులబాంధవులకు విన్నవించుచున్నాము.

మన పూర్వుల పడవలను ముందుగా స్మరింతము. తెప్ప యనగా తేలిక కొయ్యదుంగలను త్రాళ్లతో బిగించికట్టినది. నీరు పైకి వచ్చినను దుంగల సందులనుండి దిగిపోవును గాని తెప్ప మునుగదు. మసూలా పడవయో, ఒక్క మేకైనను లేక, పలకలను కొబ్బరిపీచు త్రాటితో కుట్టి చేసినది. మేకులు కొట్టిన పడవ కెరటముల తాకుడునకు బీటలు వారును. కుట్టిన పడవ వంగి, మరల నిక్కి, ఒడ్డు చేరును. మద్రాసులో ఓడరేవునకు 1875లో పునాది వేయుటకు పూర్వము, ఓడలనుండి దిగిన జనులును సరకులును ఇట్టి పడవలలోనే కెరటములను దాటవలసివచ్చెను. మద్రాసు మత్స్యశాఖలో పనిచేసిన జేమ్సు హార్నెల్ అను దొర 1920లో ప్రకటించిన గ్రంథమున భారతదేశపు నావల నిర్మాణములను పరిశీలించి వ్రాసెను. ఇచట గమనింపదగిన దొక్కటి. త్రాడు తెగిన కుట్టుటకు, పలక చెడిన మార్చుటకు మనవారు పరుల ముఖము చూడలేదు. పడవను నడపువాడే పడవ మర్మము నెరిగినవాడు.

ఇక యంత్రము పుట్టుక. జర్మనీ దేశమున ఆటో యను నతడు 1876లో నాలుగు గతులతో నడచు యంత్రమును నిర్మించెను. ఆ దేశీయుడే యగు రుడాల్ఫ్ డీజిలు 1892లో తన కల్పనకు హక్కు కోరి, 1897లో ఆగ్స్‌బర్గు నగరమున సఫలమైన యంత్రమును చూపెను. నిప్పురవ్వ యక్కరలేకయే, గాలిని మిక్కిలి నొక్కుటచేత పుట్టిన వేడిమితో నూనెను మండించుట ఇందలి విశేషము. 1912లో డెన్మార్కువారి సెలాండియా యను పెద్ద ఓడ డీజిలు యంత్రములతో మహాసముద్రములను దాటెను. ఆ మరుసటి సంవత్సరమే డీజిలు ఓడలో ఇంగ్లండునకు పోవుచు అదృశ్యుడై, సముద్రము పాలయ్యెను. పడవ వెనుక తగిలించు చిన్న యంత్రమును నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్ 1909 ప్రాంతమున విక్రయింప నారంభించెను.

మన దేశమున 1952లో భారత ప్రభుత్వము, నార్వే, ఐక్యరాజ్యసమితి ఒడంబడిక చేసికొనగా, కొల్లము చెంతనున్న నీండకరలో చిన్న పడవలకు యంత్రములమర్చు పథకము 1953లో ఆరంభమయ్యెను. 1960 తరువాతి దశకమున విశాఖపట్టణము, కాకినాడ రేవులనుండి రొయ్యల వేటకై మరబోట్లు బయలుదేరెను. అయినను రేవు లేని పల్లెలే మనకు హెచ్చు. 1979లో మద్రాసు కేంద్రముగా వెలసిన బంగాళాఖాత మత్స్యపథకమువారు, ఇసుకపైకి లాగదగిన పడవకు డీజిలు యంత్రమును, నేల తగులకుండ పైకెత్తదగిన పంకాను అమర్చి మన తీరమున పరీక్షించిరి. పిమ్మట ఫైబరు బోట్లు పల్లెపల్లెకు వ్యాపించెను.

యంత్రమువలన మేలు కలుగలేదని మేమనము. గాలి లేని దినమునను వేటకు పోగలిగితిమి; దూరము పోయి, చేప చెడకమునుపే తిరిగి రాగలిగితిమి. కాని తెరచాప చినిగిన సూదితో కుట్టిన చేయి, యంత్రము మొరాయించిన నాడు ఊరక నిలిచినది. యంత్రము బాగుచేయువాడు పట్టణమున నుండును. వాడు వచ్చువరకు పడవ ఇసుకపై నుండును. ఇంటిలో పొయ్యి చల్లగా నుండును. ఇది ఒడ్డున జరిగిన మాట. నడిసముద్రమున జరిగినచో? 1996 నవంబరు 6వ తేదీని గోదావరి తీరమును తాకిన తుపానులో సముద్రముపై నున్న మనవారెందరో తిరిగి రాలేదు. ఆ విపత్తునకు యంత్రమే కారణమని మేము చెప్పుట లేదు. గాలివార్త తెలిసిన పిదప తీరము చేరుటకు మిగులునవి కొన్ని గడియలే యనియు, ఆ గడియలలో యంత్రము కదలకున్నచో ప్రాణములకే మోసమనియు చెప్పుచున్నాము.

మా చదువు సంస్కృత శాస్త్రములకు సంబంధించినది. అయినను యంత్రవిచారమునకు తర్కశాస్త్రము పరాయిది కాదు. కారణము లేక కార్యము లేదు. ఏది యున్న కార్యము కలుగునో, ఏది లేకున్న కలుగదో, దానిని అన్వయవ్యతిరేకములచేత నిర్ణయింపవలెను. డీజిలు యంత్రము మేల్కొనుటకు నాలుగు కారణములు కావలెను: ఇరుసు తగిన వేగముతో తిరుగుట, గాలి లోనికి వచ్చుట, ఆ గాలి గట్టిగా నొక్కబడుట, నూనె సకాలమున చిమ్మబడుట. ఈ నాలుగింటిలో లోపించిన దేదో క్రమముగా వెదకువాడు నేర్పరి. క్రమము లేక బిరడాల నన్నింటిని విప్పువాడు ఒక దోషమును పదిగా చేయును.

మొదట, ఇరుసు తిరుగుచున్నదా? తిరుగకున్నచో గేరు విడిపించితిమా, పంకాకు వలయో త్రాడో చుట్టుకొన్నదా యని చూడవలెను. బ్యాటరీతో తిప్పు యంత్రమైనచో, ఉప్పుగాలికి చిలుము పట్టిన తీగల కొసలను గీకి బిగింపవలెను. రెండవది, ఇరుసు తిరిగియు యంత్రము అంటుకొనకున్నచో పొగను చూడవలెను. పొగ బొత్తిగా రాకున్నచో నూనె చేరుట లేదన్నమాట. ఆపుటకు లాగిన పిడి అట్లే యున్నదా, తొట్టి క్రింది కుళాయి మూసియున్నదా, తొట్టి మూతకుగల గాలిరంధ్రము పూడినదా, ఫిల్టరులో నీరో మడ్డియో చేరినదా యని వరుసగా శోధింపవలెను. తొట్టి ఒకసారి ఎండినచో గొట్టములలో గాలి చేరి, నూనె నింపినను యంత్రము కదలదు. అప్పుడు ఫిల్టరువద్దను, పిదప పంపువద్దను గాలి వదలు మరను కొంచెము సడలించి, చేతిపంపు కొట్టుచు, బుడగలు లేని నూనె ధార వచ్చిన వెంటనే బిగింపవలెను. ఇంజెక్టరునుండి చిమ్ము ధారకు చేయి యడ్డము పెట్టరాదు. అది చర్మమును చీల్చి లోనికి దిగును.

మూడవది, తెల్లని పొగ వచ్చియు యంత్రము అంటుకొనకున్నచో నూనె చేరుచున్నది గాని మండుట లేదు. హ్యాండిలు త్రిప్పునపుడు చేతికి ఎదురు బలము తోపకున్న, వాల్వులో పిస్టను రింగులో అరిగి, నొక్కిన గాలి జారిపోవుచున్నదని యూహింపవచ్చును. గాలి సుమారు పదునారవ వంతునకో అంతకు తక్కువకో కుదింపబడి 500 డిగ్రీలకు మించి వేడెక్కినగాని నూనె రగులుకొనదు. ఈ దోషము సముద్రముపై కుదురునది కాదు. ఒడ్డున ముందే కనిపెట్టవలసినది. కిరసనాయిలుతో నడచు చిన్న యంత్రములకు నిప్పురవ్వ కావలెను. ప్లగ్గు విప్పిచూడగా తడిసియున్నచో నూనె హెచ్చినది, పొడిగా నున్నచో నూనె అందలేదు. యంత్రము నాపుటకు ముందు కొంతసేపు పెట్రోలుపై నడిపినచో మరునాడు సులభముగా మేల్కొనును.

ఇన్ని చేసినను కదలని దినము రావచ్చును. కావున తెడ్లు, చిన్న తెరచాప, లంగరు, ప్రాణరక్షక చొక్కాలు లేక పడవ నీటిలోనికి దింపరాదు. ఆపదలో తీరరక్షక దళమువారి 1554 సంఖ్యను చిన్నవారు సైతము కంఠస్థము చేయవలెను.

ప్రతివర్షమును ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మన తీరమున మరబోట్ల వేట నిషిద్ధము. ఆ దినములలో వలలు బాగుచేసికొందుము. యంత్రమును గూడ అట్లే విప్పి, తుడిచి, నేర్చి, మరల కూర్చు పాఠశాల ప్రతి పెద్ద పల్లెలోను ఏల వెలయరాదు? పనితనము తెలిసిన మన పిల్లవాడొకడు ఒజ్జగా, పాతబడిన యంత్రమొకటి పుస్తకముగా, ఒక పాక బడిగా నున్న చాలును. పోషకులైన మహాశయులు పనిముట్లనిచ్చి తోడ్పడినచో ఆ దానము ఏటేట ప్రాణములను కాపాడును. త్రాటితో పలకలు కుట్టిన చేతులకు మరలు బిగించుట అసాధ్యము కాదు. యంత్రవిద్యయు మన కులవిద్యలలో నొకటి యగుగాక యని గంగమ్మతల్లిని ప్రార్థించుచున్నాము.