సాఫ్ట్‌బాల్ టీమ్‌లో చోటు దొరికితే కాలేజీ ఫీజు మాఫీ అయినట్టేనా? అమెరికాలో అసలు లెక్క ఇదీ..

అమెరికాలో ఆటల్లో రాణిస్తే కాలేజీ చదువు ఫ్రీ అని చాలామంది అనుకుంటారు. అమ్మాయిల సాఫ్ట్‌బాల్ విషయంలో ఇది పూర్తిగా నిజం కాదు. టీమ్ జాబితాలో పేరుండటం వేరు, స్కాలర్‌షిప్ రావడం వేరు.

మొన్నటివరకు ఎన్‌సీఏఏ డివిజన్-1లో ఒక్కో సాఫ్ట్‌బాల్ జట్టుకు 12 పూర్తి స్కాలర్‌షిప్‌లకు సమానమైన సొమ్మే ఇవ్వాలనే రూల్ ఉండేది. జట్టులో 20 మందికి పైగా ఉంటే ఆ 12నే ముక్కలు చేసి పంచేవారు. ఒకరికి సగం ఫీజు, ఇంకొకరికి పావు వంతు.. కొందరికైతే రూపాయి కూడా రాదు! అలా స్కాలర్‌షిప్ లేకుండా ఆడేవాళ్లనే వాక్-ఆన్ అంటారు.

2025 జూన్ 6న ఈ లెక్క మారింది. 'హౌస్' కేసు ఒప్పందానికి ఆ రోజు కోర్టు ఆమోదం తెలిపింది. సాఫ్ట్‌బాల్ ఫైనల్లో టెక్సాస్ టెక్‌ను ఓడించి టెక్సాస్ యూనివర్సిటీ టైటిల్ గెలిచిందీ అదే రోజు. ఒప్పందంలో చేరిన కాలేజీలకు స్కాలర్‌షిప్‌ల పరిమితి తీసేశారు. దాని బదులు జట్టులో 25 మందికి మించకూడదని షరతు పెట్టారు. అంటే కాలేజీ తలచుకుంటే 25 మందికీ పూర్తి ఫీజు కట్టొచ్చు. కట్టి తీరాలని మాత్రం ఎక్కడా లేదు.

దెబ్బ పడేది వాక్-ఆన్‌లకే. 25 దాటితే ముందు పోయేది వాళ్ల పేర్లే. అప్పటికే జట్ల నుంచి తొలగించిన ఆటగాళ్లకు మినహాయింపు ఇవ్వాలని జడ్జి పట్టుబట్టడంతో వాళ్లను ఈ పరిమితిలో లెక్కించరు. కొత్తగా చేరేవాళ్లకు ఆ వెసులుబాటు లేదు.

మరి డబ్బు ఎక్కడిది? సాఫ్ట్‌బాల్ చాలా కాలేజీల్లో ఖర్చుకు తగ్గ ఆదాయం తేదు. 2025-26లో ఒక్కో కాలేజీ తన ఆటగాళ్లకు నేరుగా 2.05 కోట్ల డాలర్ల వరకు పంచొచ్చు. అందులో సింహభాగం ఫుట్‌బాల్, పురుషుల బాస్కెట్‌బాల్‌కే పోతోంది. స్టార్ల సంగతి వేరనుకోండి. పిచర్ నిజారీ కానడీకి 2024లో టెక్సాస్ టెక్‌కు మారినప్పుడు దక్కిన ఒప్పందం విలువ 10,50,024 డాలర్లు, మన లెక్కలో సుమారు రూ.9 కోట్లు. చివరి 24 ఆమె జెర్సీ నంబర్! ఐవీ లీగ్, డివిజన్-3 కాలేజీల్లో అయితే ఆట పేరుతో స్కాలర్‌షిప్పే ఉండదు.

ఇక చదువు. డివిజన్-1లో మొదటి ఏడాదే ఆడాలంటే హైస్కూల్లో 16 కోర్ సబ్జెక్టులు, వాటిలో కనీసం 2.3 జీపీఏ ఉండాలి. చేరాక రెండో ఏడాది ముగిసేసరికి డిగ్రీలో 40 శాతం, మూడో ఏడాదికి 60, నాలుగో ఏడాదికి 80 శాతం పూర్తి కావాలి. జట్టు మొత్తానికీ ఏపీఆర్ అనే మార్కులుంటాయి. అవి 930 కంటే తగ్గితే ఆ జట్టు టోర్నీ ఆడే అవకాశమే కోల్పోవచ్చు.