పులుపు తెచ్చిన నునుపు

క్లియోపాత్రా పాలతో స్నానం చేసేదని వినని వాళ్లుండరు. ఆ కథలో నిజమెంతో గానీ, పులిసిన పాలకి చర్మం మీద పనితనం ఉన్న మాట నిజం. ఆ పులుపులోని లాక్టిక్ ఆసిడ్‌ని 1780లో స్వీడన్‌లో షీలే అనే శాస్త్రజ్ఞుడు విడదీశాడు. ఆయన దృష్టి ఆడవాళ్ల సొగసు మీద లేదు లెండి!

1882లో జర్మనీ డాక్టరు ఉన్నా, సాలిసిలిక్ ఆసిడ్ చర్మం మీద ఎలా పనిచేస్తుందో రాశాడు. 1974లో అమెరికాలో వాన్ స్కాట్, యూ అనే ఇద్దరు, ఒళ్లంతా చేపపొలుసుల్లా లేచే జబ్బుకి పాలల్లో, చెరుకులో, పళ్లలో దొరికే ఆసిడ్లు పూసి చూశారు. పైపొరలో పేరుకున్న మృతకణాల పట్టు సడలి పొలుసు రాలింది. అలా రోగుల కోసం వచ్చిన మందు 1990ల్లో అలంకరణ సీసాల్లోకి చేరింది.

ఎంపిక దగ్గరే ఉంది చిక్కంతా. సాలిసిలిక్ నూనెలో కరుగుతుంది గనక జిడ్డు మొహానికీ, మొటిమలకీ అది నయం. గ్లైకాలిక్ అణువు బుల్లిది. చురుగ్గా లోపలికి దిగుతుంది, మంటా ఎక్కువే. పొడిబారిన చర్మానికి లాక్టిక్ మెత్తన. పక్కింటావిడకి పడిందని మనమూ కొనేస్తాం చూడండీ, అదే నా భయం. మన చామనచాయ ఒంటికి ఆసిడ్ ఎక్కువైతే, మంట చల్లారాక నల్లమచ్చ మిగులుతుంది. నెలల తరబడి పోదు. తక్కువ పాళ్లది, వారానికి ఒకటి రెండు రాత్రులు చాలు. పగలు సన్‌స్క్రీన్ తప్పదు.

మొన్న, పెళ్లి నాలుగు రోజులుందనగా కొత్త సీసా మూత తియ్యబోయిన మా మేనకోడలి చేతిలోంచి దాన్ని లాక్కుని, సున్నిపిండి గిన్నె అందించాను. పెళ్లయి అత్తారింటికి వెళ్లింది గానీ, ఆ మూతి ముడుపు ఇంకా వదల్లేదు.