కృష్ణా డెల్టాలో పాత పింగాణీ, గాజు సామాను

బందరు, గుడివాడ, దివిసీమ ఇళ్లలో తరాలుగా నిలిచిన జాడీలు, పళ్లేలు, కప్పులు సాసర్లు, రంగు గాజు గిన్నెలు, వాటిని పోగుచేసి దాచుకునే అలవాటు ఈ వ్యాస విషయం. లోకమంతటా పాత సామాను సేకరించేవాళ్లకు పసుపుపచ్చ, తేనె రంగు వస్తువులంటే ప్రత్యేకమైన మోజు. ఐరోపా, అమెరికాల్లో ఆ రంగు భోజనాల బల్ల మీది పళ్లేల్లో కనబడుతుంది. డెల్టాలో దానికోసం ఊరగాయ జాడీ మెడ చూడాలి. అరటాకు, విస్తరి, కంచు కంచం, కలిగినవాళ్లకు వెండి కంచం ఉన్నచోట పింగాణీ పళ్లేనికి పనేముంది? ఇక్కడి పింగాణీ చరిత్రను పళ్లెంతో మొదలుపెడితే దారి తప్పుతాం.

రేవు రోజులు

క్రీ.శ. 2వ శతాబ్దంలో టాలెమీ ఈ తీరాన్ని మైసోలియా అన్నాడు. అతను చెప్పిన కొంటకొస్సిల మన ఘంటసాలే అని చరిత్రకారులు గుర్తించారు. ఘంటసాల, గుడివాడ బౌద్ధ దిబ్బల గురించి అలెగ్జాండర్ రీ 1894లో పుస్తకం వేశాడు. అప్పటి కుండలు, మూకుళ్లు కాల్చిన మట్టివే, పింగాణీ కావు. తెల్ల సుద్దమట్టిని 1300 డిగ్రీల దాకా కాల్చి అద్దంలా బిగిసేట్టు చేసే విద్య చైనావాళ్లది. ఆ సరుకు తెలుగు తీరానికి వచ్చిందనడానికి సాక్ష్యం కాస్త దక్షిణాన, నెల్లూరు తీరంలోని కొత్తపట్నంలో దొరికిన 13, 14 శతాబ్దాల చైనా పింగాణీ పెంకులు.

బందరు వంతు ఆ తరవాత వచ్చింది. గోల్కొండ సుల్తానుల రేవుగా ఎదిగిన ఈ ఊళ్లో 1605-06లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు, 1669లో ఫ్రెంచివాళ్లు కొట్లు పెట్టారు. ఇక్కణ్నించి అద్దకం బట్ట ఎగుమతి. దిగుమతుల్లో సుగంధ ద్రవ్యాలు, తగరం, జపాను రాగి, వాటితోపాటు పింగాణీ. డచ్చి కంపెనీ మొదట చైనా సరుకే మోసింది. 1644లో మింగు వంశం కూలి అక్కడి బట్టీలు చితికిపోయాక, 1650ల నుంచి జపానులోని అరితా సరుకు వైపు తిరిగింది. రేవులో దిగిన ఖరీదైన సామాను ఊళ్లో నిలిచేది కాదు. దాన్ని కొనగలిగిన సుల్తానులు, అమీర్లు, పారసీక వర్తకులు గోల్కొండ వైపు ఉండేవారు. దక్కను దర్బారుల అభిరుచి ఎలాంటిదో చూడాలంటే హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆకుపచ్చ సెలడాన్ పళ్లేల ముందు నిలబడాలి. విషం కలిసిన అన్నం వడ్డిస్తే అవి పగులుతాయని నవాబులు నమ్మేవారు. శాస్త్రానికి నిలబడని నమ్మకమే గాని, పళ్లెం ధర పెంచడానికి బాగా పనికొచ్చింది.

మామూలు సంసారి ఇంటికి చేరింది వేరు సరుకు. బందరు ఓడలు అరకాను, పెగూ, తెనాసెరింలకు తిరిగేవి. బర్మా తీరంలోని మర్తబాన్ రేవు పేరుతోనే లోకం పిలిచిన పెద్ద మెరుగు జాడీలు ఆ దారిలోవే. నీళ్లకు, నూనెకు, ఉప్పుసరుకుకు ఓడల్లో అవే ఆధారం. 14వ శతాబ్దపు యాత్రికుడు ఇబ్న్ బతూతా తనకు కానుకగా వచ్చిన నాలుగు మర్తబాన్ జాడీల గురించి రాశాడు. వాటి నిండా అల్లం, మిరియాలు, నిమ్మకాయలు, మామిడికాయలు, ఓడ ప్రయాణానికని ఉప్పులో ఊరవేసినవి ఉన్నాయట. ఊరగాయకూ జాడీకీ చుట్టరికం ఎంత పాతదో దీన్నిబట్టి తెలుస్తుంది.

1759లో బందరు ఇంగ్లీషు కంపెనీ చేతికి చిక్కింది. వర్తకం మెల్లగా మద్రాసుకు తరలింది. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన ఊరి మీద పడి సుమారు 30 వేల మందిని పొట్టనపెట్టుకుంది. డచ్చికాలపు గుర్తులుగా నేడు బందరులో సమాధి రాళ్లున్నాయి. ఆనాటి పింగాణీ మాత్రం ఇళ్లలో కానరాదు. మూడు వందల ఏళ్ల నాటి డచ్చి పళ్లెమని ఎవరైనా చూపిస్తే నమ్మేముందు అడుగు తిప్పి చూడటం మంచిది.

రెండు రంగుల జాడీ

డెల్టా అటకల మీద నేటికీ దొరికే పాత జాడీ 19వ శతాబ్దపు వరవడిది. పైభాగం తేనె రంగు, పసుపు గోధుమ రంగు. కిందిభాగం పాలమీగడ తెలుపు. ఈ మెరుగు పూత 1835 ప్రాంతంలో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో విలియం పవెల్ రూపొందించినది. అంతకుముందు రాతిజాడీలకు మెరుగు రావాలంటే మండే బట్టీలో ఉప్పు చల్లేవారు. పవెల్ జింకు కలిసిన ద్రవంలో జాడీని ముంచి ఒక్క కాల్పుతో పని ముగించాడు. మెడ, భుజాలు మాత్రం ఇనుపమట్టి కలిపిన మరో పూతలో మళ్లీ ముంచేవారు. పసుపు రంగు ఆ ఇనుముదే. రెండు పూతలు కలిసేచోట గీత సమంగా ఉండదు, ఒక పక్క కిందికి జారి ఉంటుంది. చేత్తో ముంచిన జాడీకి అదే ఆనవాలు.

మన దేశంలో రాణీగంజ్‌లో బర్న్ కంపెనీ 19వ శతాబ్దం రెండో సగంలోనే రాతిమట్టి సామాను మొదలుపెట్టింది. స్వదేశీ ఉద్యమకాలంలో సత్యసుందర్ దేవ్ జపానులో పని నేర్చుకొని వచ్చి కలకత్తాలో పింగాణీ తయారుచేయించాడు. చునార్, ఖుర్జా, గుజరాత్‌లోని థాన్‌గఢ్ బట్టీల నుంచి జాడీలు దేశమంతా తిరిగాయి. తెలుగునాట ఈ విద్య నేర్పే సర్కారు పాఠశాల నెల్లూరు వైపు గూడూరులో ఉంది. బందరు పక్కనున్న గూడూరు వేరు.

డెల్టాకు డబ్బు తెచ్చింది 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్ట. రెండు పంటలు పండే రైతింట్లో ఏడాది సరిపడా ఆవకాయ పెట్టే స్తోమతు వచ్చింది, దానికి తగ్గ జాడీలూ వచ్చాయి. పరిమాణం వీశెల్లోనే చెప్పేవారు. ఆవకాయకు పెద్దది, మాగాయకు మధ్యరకం, చింతకాయకు ఒకటి, ఇంగువ వేసినదానికి విడిగా ఒకటి. కొత్త జాడీని కడిగి ఎండలో బోర్లించి, తడి ఆరాక ఇంగువ పొగ పట్టి, ఊరగాయ ఎత్తి, మూడో రోజు తిరగకలిపి, ఉతికిన తెల్లగుడ్డతో వాసెన కడతారు. ఉప్పు, పులుపు, నూనె కలిసిన సరుకు ఇత్తడిని చిలుమెక్కిస్తుంది, ఇనుమును తినేస్తుంది, మట్టికుండలో ఇంకిపోతుంది. రాతిజాడీ ఒక్కటే దాన్ని తట్టుకుంటుంది.

మడి దగ్గర పింగాణీది ఎటూ తేలని స్థితి. లోహాన్ని చింతపండుతో తోమి శుద్ధి చేస్తారు, మైలపడ్డ మట్టికుండను పారేస్తారు. పింగాణీ ఈ రెంటిలో దేని కిందికి వస్తుందన్న దాని మీద పెద్దల మధ్యే తేడా ఉండేది. జాడీ మడిగదిలోకే వెళ్లింది, కప్పు సాసరు వసారాలోనే ఆగిపోయింది. వసారాలో ఆగిన కప్పుల్లోనూ అంతరాలున్నాయి. దొరకు, తాసిల్దారుకు పూల కప్పు. పాలేరుకు చూరులో గుచ్చిన చెవి విరిగిన కప్పు. టీ హోటళ్లలో కులాన్నిబట్టి గ్లాసు వేరు చేసే రెండు గ్లాసుల పద్ధతి మొన్నమొన్నటి దాకా నడిచింది. సేకరణదారులు పూల కప్పును అద్దాల బీరువాలో పెట్టి పాలేరు కప్పు ఊసెత్తరు. చరిత్ర చెప్పదలిస్తే రెండూ పక్కపక్కన ఉండాలి.

బల్ల, బీరువా, గాజు

బందరుకు భోజనాల బల్లను తెచ్చింది కలెక్టరు కచేరి, మిషనరీలు. ఆ మిషనరీల్లో రాబర్ట్ నోబుల్ 1841లో వచ్చి 1843లో బడి పెట్టాడు. జిల్లా కేంద్రం కాబట్టి ప్లీడర్లు పెరిగారు, వాళ్లతోపాటు డిన్నర్ సెట్టులు. దివిసీమలో చల్లపల్లి వంటి జమీందారీలు దొరలకు విందులిచ్చేవి. 1908లో బందరు-గుడివాడ-బెజవాడ రైలు పడ్డాక మద్రాసు అంగళ్ల సరుకు గడ్డిలో పొదిగిన పెట్టెల్లో పగలకుండా వచ్చే వీలు కలిగింది. అదే కాలాన 1907లో బిపిన్ చంద్రపాల్ బందరు వచ్చి స్వదేశీ బోధించాడు, 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల పుట్టింది. విదేశీ సరుకు మీద మోజు, దాన్ని కొన్నందుకు సిగ్గు ఒకే ఊళ్లో పక్కపక్కనే పెరిగాయి.

గాజు సంగతికి వస్తే, బందరుకు పేరు తెచ్చింది గిన్నెలు కావు, 1926లో పుట్టిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ పరికరాలు. వంటింటి గాజు ఫిరోజాబాదు వంటి చోట్ల నుంచి వచ్చింది. తేనె రంగు గాజులో ఉన్నది ఇనుము, గంధకం, బొగ్గు. నిమ్మపండు రంగులో మెరిసే గాజులో యురేనియం ఉండొచ్చు. 1830లలో బొహీమియాలో యోసెఫ్ రీడల్ దాన్ని వాడుకలోకి తెచ్చాడు. దొంగనోట్లు పట్టే అతినీలలోహిత దీపం కింద పెడితే అది చిలకపచ్చగా వెలుగుతుంది. తేనె రంగుది వెలగదు.

స్టీలు, ప్లాస్టిక్కు వచ్చాక జాడీలు అటకెక్కాయి, కప్పులు పాత సామానువాళ్ల గంపలోకి పోయాయి. దివిసీమకు 1977 నవంబరు 19 ఉప్పెన అంతకన్నా పెద్ద దెబ్బ. పది వేలమందికి పైగా మనుషులే కొట్టుకుపోయిన చోట సామాను లెక్కెవరికి? నాగాయలంక, కోడూరు వైపు తాతలనాటి జాడీ కనబడితే అది ఎత్తున ఉన్న డాబాలో మిగిలిందో, కోడలు పుట్టింటి నుంచి తరవాత తెచ్చుకుందో అయి ఉంటుంది.

గుర్తులు, జాగ్రత్తలు, చట్టం

పళ్లెం అడుగున దేశం పేరు ముద్ర ఉంటే కాలం పట్టుకోవచ్చు. 1891లో అమెరికా దిగుమతి సరుకు మీద దేశం పేరు తప్పనిసరి చేశాక ఆ అలవాటు స్థిరపడింది. ‘నిప్పన్’ అని ఉంటే 1921కి ముందుది. ‘ఆక్యుపైడ్ జపాన్’ అని ఉంటే రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1952 లోపుది. మన రాతిజాడీలకు చాలావాటికి ముద్రే ఉండదు. బరువు, అడుగున మెరుగులేని వలయం, రెండు రంగుల గీత చూసి అంచనా వేయాలి. పసుపు, నూనె నెర్రెల్లోకి ఇంకి పచ్చబడ్డ తెల్ల పళ్లెం పసుపు పింగాణీ కాదు. బేరగాళ్ల మాట వినకండి.

పాత పసుపు మెరుగుల్లో సీసం, యాంటిమొనీ, తరవాతి కాలంవాటిలో కాడ్మియం ఉండొచ్చు. పులుపు వాటిని కరిగిస్తుంది కనుక చారు, పచ్చడి, నిమ్మరసం వాటిలో వేయకూడదు. ఊరగాయ నిలవున్న జాడీ మెరుగు పగిలితే ఉప్పు లోపలికి దిగి, ఎండాకాలం గడ్డకట్టి పెచ్చులు రేపుతుంది. మంచినీళ్లు మార్చి మార్చి నానబెట్టి, నీడన ఆరబెట్టాలి. ఎండలో పెడితే బీట పెద్దదవుతుంది.

1972 పురావస్తు చట్టం 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లో ఉంది. నూరేళ్లు దాటిన కళావస్తువు దాని కింద పురావస్తువే. అలాంటిదాన్ని సొంతంగా విదేశానికి పంపడం నేరం, వాటితో వ్యాపారానికి లైసెన్సు కావాలి. అమెరికాలో ఉన్న పిల్లలకు నాయనమ్మ జాడీ పంపాలనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

కారైక్కుడిలో చెట్టినాటి ఇళ్ల సామాను అమ్మే వీధే ఉంది. డెల్టా సామాను మాత్రం ఇంకా ఇళ్లలోనే ఉంది, చెప్పగలిగే పెద్దవాళ్లు తగ్గిపోతున్నారు. మీ అటక మీది జాడీ ఏ ఊరి సంతలో కొన్నదో, ఏ పెళ్లికి వచ్చిందో, అందులో ఏం ఊరేదో మీ ఇంటి పెద్దావిణ్ని అడిగి, ఒక చీటీ మీద రాసి దాని లోపలే వేసి ఉంచండి.